కుక్క ఉన్న ఇంట్లో పెరడు బురదవుతుంటే: గడ్డి, బండలు, చిప్స్, ప్లాస్టిక్ గడ్డిలో ఏది?

వానలు మొదలయ్యాయంటే కుక్కని పెంచుకునేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. పెరడంతా బురదైపోతోంది, దీని మీద ఏం వేయించాలి? నర్సరీ ఆయన లాన్ వేయించమంటాడు, మేస్త్రీ పార్కింగ్ టైల్స్ అంటాడు, ప్లాస్టిక్ గడ్డి రోల్ తెచ్చి పరిచేస్తే ఒక్కరోజులో పని అయిపోతుందని ఇంకొకాయన అంటాడు. ఎవరి దగ్గర ఏ సరుకుంటే అదే మందు. నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత: పెరడంతా ఒకే సరుకు పరచకండి. కుక్క పరిగెత్తే దారిలో గరుకు బండలు, అది ఒంటికి పోసే మూలలో సన్న చిప్స్ (చిన్న రాతి ముక్కలు), ఎండ బాగా పడే చోట గరిక. ప్లాస్టిక్ గడ్డి మన ఎండలకి వద్దు.

ఏం పరచాలన్నదాని కంటే ముందు, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. వాన గట్టిగా పడేటప్పుడు గొడుగేసుకుని పెరట్లో ఓ పది నిమిషాలు నిలబడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో బురద తెచ్చేది పెరట్లో పడే వాన కంటే డాబా మీద పడి పైపులోంచి దిగే వానే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్ల నీళ్లు, అదంతా ఒకే పైపు మూతి దగ్గర పెరట్లోకి దూకుతుంటే అక్కడ ఏం పరిచినా ఒక్క వానాకాలానికే దిగబడిపోతుంది. ఆ పైపుకి ఇంకో ముక్క తగిలించి ఇంకుడు గుంతలోకో బయట వాన నీటి కాలవలోకో మళ్లించండి, ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చేది అదే. దాని తర్వాత ట్యాంకు ఓవర్‌ఫ్లో, ఏసీ నీళ్లు, గిన్నెలు తోమే చోటు కుళాయి చూడండి. వానలు పోయాక కూడా ఒక మూల మాత్రం తడిగానే ఉంటోందంటే అనుమానించాల్సింది వీటినే.

వాలు కూడా కావాలి. ఇంటి గోడ నుంచి బయటి వైపుకి మీటరుకి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు, అంటే పది అడుగుల దూరానికి దగ్గర దగ్గర ఒకటి నుంచి రెండున్నర అంగుళాలు. మేస్త్రీ ఒకసారి కంటితో చూసి "వాలుంది సార్" అనేస్తాడు, ఒప్పుకోకండి, నీళ్ల ట్యూబు పట్టి లెవెల్ చూపించమనండి.

నేల రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కువగా ఉండే ఎర్ర ఇసుక నేల నీళ్లని బాగానే తాగుతుంది, పైన గట్టిపడిన పొరని పలుగుతో కదిపి ఇంత మొరం (రాతి నలుసులు కలిసిన ఎర్ర మట్టి) కలిపినా చాలాచోట్ల బురద తగ్గిపోతుంది. నల్లరేగడి అలా కాదు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపువాళ్లకి చెప్పక్కర్లేదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది, దాని మీద ఏది పరిచినా ఏడాదిలో ఎగుడుదిగుడవుతుంది. ఇంకుడు గుంత తవ్వినా నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి కాబట్టి కాలవ తీసి బయటికి పంపడమే నయం. కోనసీమ, భీమవరం లాంటి డెల్టా ఊళ్లలో వానాకాలంలో నేలలో నీళ్లు బాగా పైకొచ్చేస్తాయి, గుంత తవ్వితే కిందనుంచే నిండుతుంది, అక్కడ పెరడు మెరక చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. పైగా కోస్తాలో, అందులోనూ నెల్లూరు వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు కూడా ఉంటాయి కాబట్టి బురద రోజులు హైదరాబాద్ కంటే ఎక్కువ.

ఇక కుక్కని చూడండి. అది పెరడంతా సమానంగా తిరగదు. గేటు దగ్గరికి ఒక దారి, ప్రహరీ వెంబడి ఇంకో దారి, పక్కింటి పిల్లి కనిపించే మూలకి మరో దారి, రోజూ అవే. ఆ దారిలో గడ్డి నలిగి చచ్చి, నేల గట్టిపడి, మధ్యలో గుంట పడి, వాన నీళ్లు అందులోనే నిలిచి బురదవుతుంది. అక్కడ ఎంత ఖరీదైన లాన్ వేసినా రెండు నెలల్లో మళ్లీ మట్టే కనిపిస్తుంది. కుక్క దారిని మార్చాలని కుండీలు అడ్డం పెట్టేవాళ్లుంటారు, కుండీలు పగులుతాయి తప్ప దారి మారదు. అది గీసిచ్చిన దారినే ప్లాన్ అనుకుని దాని మీదే బండలు వేయండి.

బండలు

నాకు అన్నిటికంటే నచ్చేవి ఇవే. మన అదృష్టం కొద్దీ నాపరాయి చుట్టుపక్కలే దొరుకుతుంది: వికారాబాద్ జిల్లా తాండూరు, నంద్యాల జిల్లా బేతంచెర్ల, కడప, పక్కనే కర్ణాటకలో కలబురగి జిల్లా షాబాద్. పాలిష్ పట్టనివి, పైన గరుకుగా ఉన్నవి తీసుకోండి. పాలిష్ బండ, నున్నటి గ్రానైట్, ఇంట్లో మిగిలిన విట్రిఫైడ్ టైల్స్, ఇవేవీ తడిలో కుక్క కాలికి పట్టు ఇవ్వవు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటికి తుంటి కీళ్ల సమస్య ఎక్కువ, మలుపులో ఒకసారి గట్టిగా జారితే ఆ కుంటడం నెలల తరబడి పోదు. ముసలి కుక్కలైతే జారుడు నేల మీదికి అడుగు పెట్టడానికే భయపడతాయి, ఇంట్లోనే కానిచ్చేస్తాయి, అప్పుడు దానికేదో జబ్బు చేసిందని మనకి టెన్షన్.

రంగు చూసి కొనండి. కడప నల్ల బండ చూడ్డానికి బాగుంటుంది, మే నెల మధ్యాహ్నం మాత్రం దాని మీద మనమే చెప్పుల్లేకుండా నిలబడలేం. తాండూరు పసుపు బండ, లేత బూడిద రంగు షాబాద్ బండ కాస్త తక్కువ వేడెక్కుతాయి, అయినా ఎండలో కాలతాయి. అరచేతిని వెనక్కి తిప్పి బండకి ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి, మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే కుక్క పాదం కూడా ఓర్చుకోలేదు. అందుకని దారంతా బండలేసినా పక్కనే నీడలో మట్టో గడ్డో కొంత వదలాలి.

వేయించేటప్పుడు సిమెంటు పరుపు అక్కర్లేదు, ముఖ్యంగా నల్లరేగడిలో. మెత్తటి బురద మట్టి తీసేసి, నాలుగు నుంచి ఆరు అంగుళాల మొరం పోసి నీళ్లు చల్లి బాగా దిమ్మిస కొట్టించి, పైన ఒక అంగుళం క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతి పొడి) పరిచి, దాని మీద బండ కూర్చోబెడితే చాలు. ఏడాది తర్వాత ఏదైనా బండ కిందికి దిగినా లేపి కాస్త డస్ట్ వేసి మళ్లీ పెట్టుకోవచ్చు, సిమెంటులో పాతితే పగలగొట్టాల్సిందే. లాబ్ సైజు కుక్కకి రెండున్నర, మూడు అడుగుల వెడల్పు దారి సరిపోతుంది. బండకీ బండకీ మధ్య అంగుళం, అంగుళంన్నర సందు వదిలి గరిక నాటితే నీళ్లు ఇంకుతాయి, చూడ్డానికీ బాగుంటుంది. సందు ఖాళీగా వదలొద్దు, చిప్స్‌తోనో గడ్డితోనో నింపాలి. ఖాళీ పగుళ్లు, గోడ సందులు అంటే పిడుదులకి మహా ఇష్టం. గుడ్లు పెట్టేది, దాక్కునేది అక్కడే, టిక్ ఫీవర్ మన ఊళ్లలో ఎంత మామూలో కుక్కలున్న ప్రతివాళ్లకీ తెలుసు.

వానాకాలంలో బండల మీద పాచి పడుతుంది. గట్టి బ్రష్షు, నీళ్లు, అంతే. బాత్రూం యాసిడ్ పోస్తే నాపరాయిని తినేస్తుంది, కుక్క పాదాలూ కాలతాయి. బ్లీచింగ్ పౌడర్ చల్లి వదిలేయడం, బురద మీద సున్నం జల్లడం మనకి పాత అలవాటే కానీ కుక్క తిరిగే చోట రెండూ వద్దు, అది వెళ్లి పాదాలు నాకుతుంది.

చిప్స్, కంకర, గులకరాళ్లు

ఒంటికి పోసే మూలకి చిప్స్‌ని మించింది లేదు. నీళ్లు నిలవవు, పైపు పెట్టి కొడితే వాసన పోతుంది, గడ్డి మాడిందన్న బాధ లేదు. సైజు మాత్రం ముఖ్యం. శ్లాబుకి వాడే 20 ఎం.ఎం. కంకర మొనలు దేరి ఉంటుంది, దాని మీద నడవమంటే కుక్క మీ మొహం వంక చూసి పక్కనుంచి వెళ్లిపోతుంది. 6 నుంచి 10 ఎం.ఎం. చిప్స్ పాదం కింద సర్దుకుంటాయి. ఆర్డరిచ్చేటప్పుడు సైజు చెప్పి చిప్స్ అనే అడగండి, కోస్తాలో గ్రావెల్ అని ఫోన్‌లో చెప్తే ట్రాక్టరు ఎర్ర మట్టి దింపి వెళ్తుంది.

నేరుగా మట్టి మీద చిప్స్ పోయడమే అందరూ చేసేది, ఒక్క వానాకాలంలో అవన్నీ బురదలోకి దిగిపోయి కనిపించకుండా పోతాయి. ఆరు అంగుళాలు తవ్వి, జియో ఫాబ్రిక్ గుడ్డ (నీళ్లని వదిలి మట్టిని ఆపేది) పరిచి, దాని మీద మూడు అంగుళాల 40 ఎం.ఎం. కంకర, ఆ పైన రెండు మూడు అంగుళాల చిప్స్, చుట్టూ ఇటుకల అంచు. గుడ్డ బదులు పాలిథిన్ షీటు వేస్తానంటారు కొందరు, దాంతో నీళ్లు కిందికి దిగవు, ఆ మూల మురుగు తొట్టవుతుంది. గుడ్డకి పెట్టే డబ్బు దగ్గర వెనకాడొద్దు.

చిప్స్‌కి రెండు ఇబ్బందులున్నాయి. దొడ్డికి పోయింది తీసేటప్పుడు రాళ్లు కూడా వచ్చేస్తుంటాయి కాబట్టి అప్పుడప్పుడూ కొత్తవి పోయాలి. పెద్ద ఇబ్బంది రాళ్లు మింగే కుక్కలు. లాబ్ పిల్లలు, బీగిల్ పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాయి, రాయి పేగులో అడ్డం పడితే ఆపరేషనే గతి. మీది ఏడాదిలోపు పిల్ల అయినా, లేదా పెద్దదై రాళ్లు నమిలే అలవాటున్నా చిప్స్ ఆలోచనే వదిలేయండి, ఆ మూలలో కూడా బండలే. షోకు కోసం అమ్మే తెల్లటి గులకరాళ్లు ఇంకా ప్రమాదం, గుండ్రంగా నోట్లో పట్టేలా ఉంటాయి, పైగా పరుగులో కాలి కింద దొర్లుతాయి.

గడ్డి

నిజం చెప్పాలంటే కుక్కకి గడ్డి కంటే సుఖం ఇంకోటి లేదు. చల్లగా ఉంటుంది, కీళ్లకి మెత్తన, దొర్లుతుంది, అప్పుడప్పుడూ తింటుంది కూడా. ఏ గడ్డి, ఎక్కడ, అన్నదే తేల్చుకోవాలి.

రోజుకి ఆరు గంటలు, ఆపైన నేరుగా ఎండ పడే చోటైతే గరిక, లేదా నర్సరీల్లో సెలక్షన్ వన్ అని అమ్మే గరిక జాతి గడ్డి. ఇది భూమి పైనా పాకుతుంది, లోపల వేరు కాండాలతోనూ పాకుతుంది, ఒకచోట కుక్క తవ్వేసినా పక్కనుంచి వచ్చి కప్పేస్తుంది. మన నేలది, మన ఎండలది, ఎండాకాలం నీళ్లు తక్కువైనా ఎండినట్టు పడుకుని తొలకరికి లేస్తుంది. (వినాయక చవితికి మాత్రం కుక్క వాడే మూలలో కోయకండి.) నర్సరీవాళ్లు ఎక్కువగా చూపించేది మెక్సికన్, కొరియన్ గడ్డి. మెత్తగా తివాచీలా, ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. కానీ అది చాలా నెమ్మదిగా పెరిగే జాతి, కుక్క ఒక గుంట తవ్విందంటే ఆ గుంట నెలల పాటు మిమ్మల్నే చూస్తుంటుంది. పరిగెత్తే కుక్క ఉన్న ఇంటికి అది పనికిరాదు. ఆరేడు కిలోల షిట్జూ ఒక్కటే ఉంది, అది కూడా సాయంత్రం ఓ రౌండ్ వేసి లోపలికొచ్చేస్తుందంటే వేసుకోండి.

మామిడి చెట్టు కింద, రెండు ఇళ్ల మధ్య ఇరుకు సందులో గరిక రాదు. కొంచెం నీడైతే వెడల్పాకుల బఫెలో గడ్డి తట్టుకుంటుంది, పూర్తి నీడలో అదీ పలచబడుతుంది. అలాంటి చోట ఏటా లాన్ మార్పిస్తూ డబ్బు తగలేయడం కంటే బండలో, చెట్టు మొదలు చుట్టూ మొరమో వేసి ఊరుకోవడం మేలు.

కార్పెట్ లాన్ ముక్కలు తెచ్చి పరిచినా, గరిక కాండాలు మూడు నాలుగు అంగుళాల దూరంలో నాటించినా, వేళ్లు పట్టేదాకా కుక్కని రానివ్వకూడదు. కార్పెట్‌కి రెండు మూడు వారాలు, నాటిన గరికకి రెండు నెలల దాకా. ఇక్కడే అందరి పథకాలూ బెడిసికొడతాయి, ఎందుకంటే కుక్కకి వేరే చోటు ఉండదు. కాబట్టి సగం పెరడు ముందు, సగం తర్వాత చేయండి, మధ్యలో తాత్కాలికంగా ఓ జాలీ కట్టండి. ఇల్లు కట్టినప్పటి సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు పైమట్టి కిందే ఉండిపోతాయి, వాటి మీద పరిచిన కార్పెట్ పైపైన పచ్చగా ఉండి తొలి ఎండాకాలానికే లేచి వచ్చేస్తుంది, కాబట్టి ఆరు అంగుళాల లోతు తవ్వి ఏరించాల్సిందే. కోసేటప్పుడు మరీ నున్నగా గొరిగించొద్దు, అంగుళంన్నర, రెండు అంగుళాలు ఉంచితే కుక్క పరుగుకి తట్టుకుంటుంది. అంతకంటే పెంచితే పిడుదులు, పాములు.

పసుపు మచ్చల గురించి. కుక్క ఒంటికి పోసిన చోట గడ్డి మాడేది మూత్రంలో నత్రజని ఎక్కువై, ఒకేచోట గుప్పెడు యూరియా వేస్తే ఏమవుతుందో అదే. ఆడకుక్కలు కూర్చుని ఒకేచోట పోస్తాయి కాబట్టి మచ్చ ఎక్కువ, మగవి గోడకీ చెట్టుకీ పంచుతాయి. వెంటనే మగ్గుతో రెండు మూడుసార్లు నీళ్లు పోస్తే మచ్చ పడదు. ఆ మచ్చలు రాకుండా అన్నంలో వంటసోడా కలపమని, టమాటా రసం పొయ్యమని చిట్కాలు తిరుగుతుంటాయి, లాన్ కోసం కుక్క తిండిలో వేలుపెట్టకండి.

ప్లాస్టిక్ గడ్డి ఎందుకు వద్దంటున్నానంటే

దీనికి అభిమానులు చాలామంది ఉన్నారు, తప్పులేదు, బురద నిజంగానే కనిపించదు. చలిదేశాల్లో కుక్కలున్న ఇళ్లలో ఇది బాగానే నడుస్తోంది. మన దగ్గర సమస్య ఎండ. సూటిగా ఎండ పడితే ప్లాస్టిక్ గడ్డి పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, నీళ్లు చల్లితే కాసేపు తగ్గి మళ్లీ ఎక్కుతుంది. మార్చి నుంచి జూన్ దాకా పగలంతా ఆ భాగం కుక్కకి లేనట్టే లెక్క.

రెండోది వాసన. అసలు గడ్డిలో మూత్రాన్ని మట్టి, అందులోని సూక్ష్మజీవులు చూసుకుంటాయి, ఇక్కడ ఆ పని చేసేవాళ్లు లేరు. చాలాచోట్ల దీన్ని నేరుగా మట్టి మీదే పరిచేస్తారు, కింద బురద అలాగే ఉంటుంది, రోల్‌కి ఉన్న చిన్న చిన్న కన్నాలు మట్టితో మూసుకుపోతాయి, రెండో నెలకి కిటికీ తీయలేం. సరిగ్గా వేయాలంటే కింద కంకర, డస్ట్ పొరలు, వాలు అన్నీ కావాలి, ఆ ఖర్చుతో బండలూ గరికా రెండూ వచ్చేస్తాయి. మూడోది, అంచులు పీకి పోగులు మింగే కుక్కలు. ఎండ పడని బాల్కనీలో, రెండు మూడు మీటర్ల ముక్క, రోజూ కడిగే ఓపిక ఉంటే సరే. లిఫ్టు లేని మూడో అంతస్తులో ముసలి కుక్క ఉన్నవాళ్లకి అది వరమే, కాదనను. పెరటికి మాత్రం నేను చచ్చినా చెప్పను.

మిగతావి

పార్కింగ్ టైల్స్ అనే ఇంటర్‌లాకింగ్ బ్లాకులు గట్టివే, కారు నిలిపే చోటుకి సరిపోతాయి. కుక్క కోసమే అయితే ఎండకి కాలతాయి, మూత్రం పీల్చుకుంటాయి, బండ కంటే గొప్పేం లేదు. రంధ్రాల గ్రాస్ పేవర్లు కూడా కారు చక్రాల కోసం పుట్టినవే, పరిగెత్తే కాళ్లకి ఆ గళ్లు ఇబ్బంది.

కొబ్బరి పీచు ముక్కలు, చెక్క పొట్టు: కాలికి మెత్తన, వాసన కూడా బాగుంటుంది. తడి నేలలో చెక్క పొట్టు అంటే చెదలకి విందు, ఇంటి గోడకీ తలుపు చట్రాలకీ దగ్గర అస్సలు వేయొద్దు. కొబ్బరి ముక్కలు కాస్త ఎక్కువ కాలం ఆగుతాయి, రాజమండ్రి, కోనసీమ వైపు చవకగా దొరుకుతాయి కాబట్టి అక్కడివాళ్లు చెట్ల కింద ఏడాదికోసారి మార్చుకుంటూ వాడొచ్చు. కోకోపీట్ పొడి మాత్రం కాదు, అది నీళ్లు పట్టి ఉంచడానికే ఉంది, బురద మీద వేస్తే ఇంకో రకం బురద. వరి ఊక, రంపపు పొట్టు ఒక వారం గట్టెక్కడానికి తప్ప ఎందుకూ పనికిరావు, బొచ్చు కుక్కైతే ఆ ఊకంతా మీ పరుపు మీదికే వస్తుంది. వేరుశనగ పొట్టు వద్దే వద్దు, తడిస్తే బూజు పడుతుంది, కుక్క తింటుంది.

ఇసుక చాలామందికి మొదట తట్టే ఆలోచన. వాన నీళ్లతో కొట్టుకుపోతుంది, ఇంట్లోకి వస్తుంది, వీధి పిల్లులన్నీ అందులోనే పని కానిస్తాయి. వెచ్చగా, తడిగా, నీడలో ఉండే ఇసుక కొంకి పురుగుల (హుక్‌వార్మ్ అనే పేగు నట్టల) పిల్లలకి మంచి ఇల్లు, అవి పాదాల చర్మంలోంచి కుక్క ఒంట్లోకి దూరతాయి, చెప్పుల్లేకుండా ఆడే పిల్లలకీ దురద దద్దుర్లు తెస్తాయి. తవ్వే పిచ్చి ఉన్న కుక్కకి ఎండ పడే మూలలో నాలుగడుగుల ఇసుక గుంట కట్టివ్వండి, ఒకటి రెండు బొమ్మలు అందులో పాతండి, మిగతా పెరడు బతుకుతుంది. ఆ గుంటకి పైన ఓ మూత, కుక్కకి డాక్టరు చెప్పినట్టు నట్టల మందు. నీళ్లు నిలిచే పెరడు, ఎలుకలు రెండూ ఉంటే లెప్టోస్పైరోసిస్ టీకా ఏటా వేస్తున్నారో లేదో కూడా డాక్టర్ని అడగండి, ఎలుక మూత్రం కలిసిన నీటిలోంచి వచ్చే జబ్బు అది, మనుషులకీ వస్తుంది.

గడ్డి బదులు నేల మీద పాకే మొక్కలు వేయాలనుకుంటే పసుపు పూల పింటో పీనట్ పర్వాలేదు, కొంచెం నీడకీ తట్టుకుంటుంది, పరుగు దారిలో మాత్రం నలిగిపోతుంది. వెడీలియా దుబ్బుగా అల్లుకుని కింద ఏముందో కనపడనివ్వదు, పాముల భయమున్న చోట వద్దు. ఊదా ఆకుల ట్రాడెస్కాన్షియా రకాల మీద పడుకుంటే కొన్ని కుక్కలకి పొట్టంతా దురద. లాంటానా, గన్నేరు, సైకస్ (పొట్టి ఈత చెట్టులా కనిపించే షోకు మొక్క) విషం, సైకస్ అయితే మరీ, దాని గింజ ఒక్కటి తిన్నా లివర్ పోవచ్చు, అయినా కొత్త విల్లాల ముందు అన్నిచోట్లా అదే కనిపిస్తుంది.

లాన్ వేసేవాళ్లు తెచ్చే ఎరువు సంచీ కూడా విప్పి చూడండి. ఆముదం పిండి అయితే వెనక్కి పంపించేయండి. దాని వాసనకి కుక్కలు ఎగబడతాయి, అందులో ఉండే రైసిన్ విషం ప్రాణం తీస్తుంది. ఎముకల పొడి కూడా తవ్వుకు తింటాయి. వేప పిండి, బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు చాలు. లాన్‌లో పురుగులకని గుళికల మందు చల్లుతానంటే ఒప్పుకోవద్దు.

మీ పరిస్థితిని బట్టి

అద్దె ఇల్లయితే తవ్వకాలు, లాన్‌లు మనకెందుకు. డస్ట్ మీద వదులుగా పరిచిన షాబాద్ బండలు, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లొచ్చు. అది కూడా కుదరకపోతే పాడి సామాన్ల దుకాణంలో గేదెల పాకలకి అమ్మే మందపాటి రబ్బరు మ్యాట్లు అడగండి. గేటు నుంచి గుమ్మం దాకా వేస్తే వానాకాలం హాయిగా గడుస్తుంది, జారవు, కడిగితే శుభ్రం, ఎండాకాలం వచ్చేసరికి చుట్టి లోపల పెట్టేయాలి, నల్ల రబ్బరు కాలుతుంది.

డబ్బు తక్కువ, పెరడు పెద్దది అంటే: పైపు మళ్లించడం, వాలు సరిచేయడం, కుక్క దారిలో మొరం పోసి దిమ్మిస కొట్టడం, ఈ ఏడాదికి ఇంతే చేయండి. బండలు వచ్చే ఏడాది ఆ మొరం మీదే కూర్చుంటాయి, చేసిన పని వృథా పోదు. చిన్న పెరడు, పెద్ద కుక్కలు రెండు అంటే గడ్డి ఆశ వదులుకుని అంతా బండలు, సందుల్లో గరిక, ఒక నీడ చెట్టు. ఫామ్‌హౌస్ లాంటి చోట ఇంటి చుట్టూ పదడుగులు బండలో చిప్సో వేసి మిగతాది గరికకే వదిలేయండి, అంత నేల ఉంటే కుక్క ఒకేచోట తొక్కదు.

ఒకటి కంటే ఎక్కువ చేయించే స్తోమత ఉన్నవాళ్లకి క్రమం: పైపులు, తవ్వకం, మొరం, బండలు మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు. బురదలో దిమ్మిస కొడితే గట్టిపడదు, వానల్లో మేస్త్రీ కూడా దొరకడు. చిప్స్ మూల అప్పుడే కట్టించేసి కుక్కకి అక్కడికి అలవాటు చేయడం మొదలుపెట్టండి, దాని మూత్రం తుడిచిన గుడ్డ ముక్క అక్కడ పడేస్తే త్వరగా అర్థమవుతుంది. గరిక నాటడం జూన్ చివర, తొలకరి పడ్డాక, ఆగస్టు చివరికి జాలీ తీసేయొచ్చు. ఇప్పటికే వానల మధ్యలో ఉండి ఇది చదువుతుంటే ఈసారికి రబ్బరు మ్యాట్లు, గుమ్మం దగ్గర ఓ బకెట్టు, పాత టవలు. కాళ్లు కడిగాక వేళ్ల మధ్య తడి పూర్తిగా తుడవండి, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పట్టి అది రాత్రంతా పాదాలు నాకుతూనే ఉంటుంది.